గంగమ్మకు తొలిచేప

ఉప్పుటెడారిలో అడుగుపెట్టిన ఏడో రోజు ఉదయం హేమకళ నల్లమొగ రేవు చేరింది. వెంట ఒక గాడిద, దాని వీపున రెండు ఉప్పు బస్తాలు. నడుముకు ఒక చిన్న శంఖం. తలపాగా కింద ముడిచిన జడ, పైపెదవి మీద మేకవెంట్రుకలతో అంటించిన సన్నని మీసం. చూసినవాళ్లెవరూ ఆమెను పింగళగిరి రాచకన్య అనుకోరు. ఊరూరా ఉప్పు అమ్ముకునే కుర్రాడనుకుంటారు.

ఎదురుగా సముద్రం నెమలి కంఠంలా మెరుస్తోంది. నురగలు ముత్యాల జల్లెడలు ఆడించినట్టు వచ్చి ఇసుక మీద ఒరుగుతున్నాయి. కానీ ఆమడ దూరాన ఒకచోట ఆ నీలం తెగిపోయింది. అక్కడ కాటుక బరిణె బోర్లించినట్టు నీళ్లు నల్లగా ఉన్నాయి. అల లేవడం లేదు. పక్షి ఎగరడం లేదు. అదే ఏనుగుగుంట.

హేమకళ శంఖం విప్పి చెవికి ఆనించుకుంది. లోపల చాలా దూరం నుంచి ఒక ఊపిరి వినిపించి ఆగిపోయింది. ఆమె వేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది. ఇరవై రెండు దాకా వెళ్లాక మరో ఊపిరి వచ్చింది. నిన్న పద్దెనిమిదికే వచ్చింది.

ఆ ఊపిరి ఆమె అన్న ఉదయభానుడిది. ఎప్పుడూ బుగ్గన లవంగం పెట్టుకుని నవ్వుతూ తిరిగే యువరాజు. పట్టాభిషేకానికి ముందురోజు శీతలాక్షుడనే మాంత్రికుడు ఆశీర్వదించే నెపంతో వచ్చి అతని నొసట వేలు ఆనించాడు. యువరాజు కొయ్యబొమ్మలా ఒరిగిపోయాడు. మాంత్రికుడు అతని ప్రాణాన్ని గుప్పిట పట్టుకుపోయి సముద్రపు అడుగున ఒక చేపలో దాచాడు. దేహం దంతపు మంచం మీద చల్లబడుతూ పడి ఉంది. ఈ రహస్యం హేమకళకు చెప్పింది ఆ మాంత్రికుడి పాత శిష్యురాలు. వాడే కళ్లు పొడిచి కొండ మీద వదిలేసిన ముసలామె. శంఖం ఇచ్చింది కూడా ఆమే.

"వాడు తన చేత్తో ఆ చేపను చంపలేడు తల్లీ. చంపితే వాడి మంత్రాలన్నీ వాడి మీదికే తిరుగుతాయి. అందుకని పరుల చేత చంపిస్తాడు. నువ్వు దాన్ని ప్రాణంతో తెచ్చి మీ అన్న పెదవుల దగ్గర పెట్టు. అది ఒక్కసారి నోరు తెరిస్తే చాలు" అందామె. తరవాత శంఖాన్ని తడుముకుంటూ చేతిలో పెట్టి, "ఇది చెవికి పెట్టుకునేది. నోటికి పెట్టుకోకు. పెట్టుకుంటే నీళ్లలోనైనా నీకు ఊపిరాడుతుంది. కానీ నువ్వు పీల్చే ఒక్కో ఊపిరీ మీ అన్న ఆయువులోంచి పోతుంది" అని హెచ్చరించింది.

చేప గుర్తు కూడా చెప్పింది. అది గడ్డపుచేప. చుబుకం కింద రెండు తెల్లని పోగులు వేలాడుతుంటాయి. ఆ ఒక్క చేపకు మాత్రం ఒక పోగు పగడంలా ఎర్రగా ఉంటుంది.

రేవులోకి దిగుతూనే హేమకళ గాడిదను ఆపేసింది.

ఒడ్డు పొడుగునా తాటాకు చాపలు. వాటి మీద వందల కొద్దీ గడ్డపుచేపలు. ఒక్కొక్కటి మూరెడు పొడవు. తడిసిన నల్లరాతి పలకలాంటి వీపు, వెండి గిన్నెల్లాంటి పెద్ద కళ్లు. ఆ కళ్లు గూళ్లు దాటి బయటికి పొడుచుకొచ్చాయి. ప్రతి చేప నోట్లోంచీ దాని పొట్టే తిత్తిలా ఉబ్బి బయటికి వేలాడుతోంది. ఒక్కటీ ప్రాణంతో లేదు.

ఆమె మొదటి చాప దగ్గర కూర్చుని ఒక్కో చేప చుబుకం ఎత్తి పోగులు చూడసాగింది. తెలుపు. తెలుపు. తెలుపు.

చేపలు తిరగేస్తున్న ఒకామె నడుం మీద చెయ్యి వేసుకుని చూసింది. పేరు కాసమ్మ.

"ఏటి బాబూ, సేప సేప గెడ్డమూ పట్టుకుని బతిమాలుతున్నావు? అలిగిన పెల్లాలేటి అవి?"

చుట్టూ ఉన్న ఆడవాళ్లు గొల్లున నవ్వారు. హేమకళ గొంతు బొంగురు చేసుకుని, "ఉప్పు అమ్మేవాణ్ణమ్మా. చేప ఎలాంటిదో చూడాలి కదా" అంది.

"సూడు సూడు. ఆటి గెడ్డం గట్టిదే. నీ మీసమే ఏ సణాన ఊడిపోతాదోనని నాకు బెంగగా ఉంది."

హేమకళ చటుక్కున పైపెదవి అదుముకుంది. ఇంతలో పడవ నీడలో తాడు పేనుకుంటున్న ముసలి జాలరి అందుకున్నాడు. "ఓలి కాసీ, పరాయి గుంటడితో పరాచికాలేటి? రా బాబూ, ఇలాగ కూకో." ఆయన కాసమ్మ పెనిమిటి గరగయ్య. చెవి మీద పొడుగాటి ఈతముల్లు ఒకటి దోపుకుని ఉన్నాడు. అరచేతులు తాళ్ల రాపిడికి కాయలు కాచి, ఎండిన తోలులా ఉన్నాయి.

"ఇవి పట్టగానే చనిపోతాయా తాతా?" అని అడిగింది హేమకళ.

"పట్టీదాకా ఎందుకు? పైకొచ్చీసరికే పోతాయి. నూటేబై బారల కిందుంటాయివి. బారంటే ఇదిగో, రెండు సేతులూ సాపితే ఒకటి. అంత లోతున నీళ్ల బరువే ఆటికి దుప్పటి. పైకి లాగీకొద్దీ దుప్పటి జారిపోతాది. పొట్ట ఉబ్బి నోట్లోకొచ్చేత్తాది. కళ్లు ఎల్లుకొచ్చేత్తాయి."

"ఇలాంటివి చాలా ఉంటాయా?"

"సొర్రలకైతే ఊరంత సుట్టాలు. ఈటికి ఎవులున్నారు? సంద్రం మొత్తమ్మీద పదే పది రకాలు. సిన్న వొంశం. అందులో ఈ రకం ఏనుగుగుంటలో తప్ప ఇంకెక్కడా నేదు. నా సిన్నప్పుడు పండగనాడు రెండు పట్టీవోళ్లం, సింతపండు పులుసెట్టీవోళ్లం. అంతే. ఇప్పుడు సూడు, రోజుకి రెండొందలు."

"ఎందుకని?"

జవాబు కాసమ్మ చెప్పింది. ఆమె ముఖంలో నవ్వు పోయింది.

"కొలతల దొరని ఒకడొచ్చేడు బాబూ. నల్లోడలో. ఒక గెడ్డపుసేపకి ఒక కుంచెడు బియ్యం ఇత్తాడు. ఇంకే సేపా ముట్టడు. ఒడ్డు వలలన్నీ వాడి బటులు కోసేసినారు. ఊరూరా సంతలు మూయించేసినాడు. సేప తేపోతే బియ్యం నేవు. నా కోడలు పచ్చి బాలింత. గంజి దిగితేగాని పాలు రావు."

అప్పుడే రేవులోకి నల్లని ఓడ ఒకటి వచ్చి ఆగింది. పట్టుగొడుగు కింద ఒక మనిషి నిలబడి చేపలు ఓడలోకి ఎక్కించడం చూస్తున్నాడు. అతని కంటిపాపల మీద మంచు పేరుకున్నట్టు తెల్లని పొర. హేమకళ గాడిద చాటుకు తప్పుకుంది. శీతలాక్షుడు! ప్రతి చేపనూ చూస్తున్నాడు. ఎర్రపోగు కోసమే చూస్తున్నాడు. ఆకలిగొన్న ఊరి చేతుల్తో ఆమె అన్నను చంపిస్తున్నాడు. ఊరికా సంగతి తెలియదు.

చివరి చేప కూడా చూసుకుని మాంత్రికుడు వెళ్లిపోయాడు. హేమకళ శంఖం చెవికి పెట్టుకుంది. ఇరవై నాలుగు.

ఆమె వచ్చి గరగయ్య ముందు కూర్చుంది. "తాతా, నా గాడిద, రెండు బస్తాల ఉప్పు, అన్నీ నీవి. నన్ను నీ పడవలోకి తీసుకో. ఎర్రపోగు ఉన్న గడ్డపుచేప పడితే అది నాకు కావాలి. ప్రాణంతో కావాలి."

"పేణంతోనా? సందమామని నా గోసీ కొంగున ముడెయ్యమను, ఏసేత్తాను" అని నవ్వాడు గరగయ్య. కానీ ఆ కుర్రాడి కళ్లలో నీళ్లు చూసి నవ్వు ఆపాడు. "ఏటి బాబూ, సంగతేటి?"

హేమకళ అంతా చెప్పింది. తను ఆడపిల్లననే మాట ఒక్కటే దాచింది. గరగయ్య పేనుతున్న తాడును ఒళ్లో పెట్టుకున్నాడు.

"పోయినేడు నా తమ్ముణ్ణి సొర్ర పట్టుకుపోయింది" అన్నాడు. "వాడి పేణం ఎక్కడ దాసినారో నాకెవులూ సెప్పనేదు. రేపు పొద్దున్నే ఒచ్చీ."

మర్నాడు సూర్యుడు నీళ్లలోంచి పగడపు కుంభంలా పైకి తేలేసరికి వాళ్ల పడవ ఏనుగుగుంట అంచున ఉంది. గరగయ్య రాతిగుండు, గాలం కట్టిన తాడును నీళ్లలో వదులుతూ బారలు లెక్కపెట్టాడు. నూటయాభై దగ్గర తాడు సడలింది. కాసేపటికి చిన్న కుదుపు. అంతే, ముసలాయన చేతులు యంత్రంలా ఆడాయి. ఊపిరి తిప్పుకోకుండా లాగాడు. చేప పైకొచ్చింది. కళ్లు ఉబ్బి, పొట్ట నోట్లోకొచ్చి, ఇంకా కొద్దిగా మొప్పలాడిస్తోంది. రెండు పోగులూ తెల్లనివే.

అప్పుడు హేమకళ ఒక వింత చూసింది. గరగయ్య చెవి మీది ఈతముల్లు తీసి చేప రెక్క పక్కన సుతారంగా గుచ్చాడు. తుస్సుమని గాలి పోయింది. బొటనవేలితో పొట్టను నోట్లోంచి లోపలికి నెట్టాడు. "తల్లీ, తొలిది నీది, మలిది మాది" అంటూ నీళ్లలో వదిలేశాడు. చేప ఒక్క క్షణం పక్కకు ఒరిగి తేలింది. తోక కొట్టింది. నిటారుగా కిందికి పోయింది.

"తాతా! అది బతికింది!"

"బతక్క? గంగమ్మ వాటా మరి. ఏ లోతుసేపైనా సరే, తొలిది తల్లికి ఇచ్చేయాల. మా తాత సేసీవోడు, మా అయ్య సేసీవోడు, నాను నలబయ్యేళ్లబట్టి సేత్తన్నాను. సచ్చిన సేపని తల్లికిత్తే పాపం కాదేటి? అందుకే ముల్లు."

హేమకళ గుండె రెక్కలు కొట్టుకుంది. అంటే గాలి తీసేస్తే ఈ చేప బతుకుతుంది! "మెల్లగా, ఆగి ఆగి లాగితే? ఇంకా బాగా బతుకుతుంది కదా?"

"బతుకుతాది. కాని ఆగితే సొర్ర మింగేత్తాది. అందుకే మేం ఆగం" అన్నాడు గరగయ్య.

ఆ సాయంత్రమే వాళ్లు ఒక రాగి గంగాళం సంపాదించి పడవలో కట్టారు. సముద్రపు నీళ్లు నింపి, వెలుతురు సోకకుండా తడి గోనె కప్పారు. మర్నాటి నుంచి ముప్పై బారలకొకసారి ఆగి లాగడం మొదలుపెట్టారు. తొలిచేప గంగమ్మకు పోగా ఆ రోజు పదకొండు చేపలు గాలానికి పడ్డాయి. వాటిలో ఏడు చేపలకు తలలే మిగిలి వచ్చాయి. మిగతా నాలుగూ తెల్లపోగులవే. సొరచేపలు పడవ చుట్టూ గొడ్డళ్లు తేలుతున్నట్టు తిరిగాయి. తల ఒక్కటే వచ్చిన ప్రతిసారీ హేమకళ పోగులు చూసే ముందు కళ్లు మూసుకుని శంఖం వినేది. ముప్పై. ముప్పై రెండు.

"నాలుగు సేపల్తో ఇంటికెల్తే కాసి నన్ను పులుసెట్టేత్తాది" అన్నాడు గరగయ్య. కానీ ఆపలేదు.

మూడో రోజు తొలి తాడు వదిలి సగం గడియ కాలేదు. హేమకళ చెవి దగ్గరున్న శంఖంలో ఊపిరి ఒక్కసారిగా ఎగిసింది. ముల్లు దిగినవాడు పళ్లు బిగించి పీల్చినట్టు. అదే క్షణంలో తాడు అదిరింది.

"తాతా! ఇదే! మా అన్న పెదవికి గాలం తగిలింది!"

గరగయ్య ముఖం పాలిపోయింది. "అమ్మ తోడు, తొందరపడను" అంటూ రెండు చేతులా తాడు అందుకున్నాడు. ముప్పై బారలు లాగి ఆగాడు. శంఖంలో ఊపిరి గబగబా కొట్టుకుంటోంది. అరవై. ఆగాడు. తొంభై. పడవ అడుగున నీడ ఒకటి కదిలింది. నూట ఇరవై దగ్గర ఆగేసరికి ఆ నీడ పక్కకు తిరిగి తెల్లని పొట్ట చూపించింది. పడవంత సొరచేప!

"లాగేయమంటావేటి బాబూ?"

"వద్దు! లాగితే చచ్చిపోతుంది! ఆగు!"

హేమకళ పిడిబాకు పళ్లతో కరిచి నీళ్లలోకి దూకింది. ముప్పై బారల దిగువన తాడు చివర ఒక చిన్న వెండి తళుకు మెలికలు తిరుగుతోంది. సొర దానివైపే వస్తోంది. ఆమె అడ్డంగా దూసుకుపోయి దాని ముక్కు మీద బాకు దింపింది. సొర గిర్రున తిరిగి తోకతో కొట్టింది. ఎడమ భుజం తోలు ఊడి నీళ్లు ఎర్రబడ్డాయి. రక్తం వాసన తగిలి అది ఈసారి ఆమె మీదికే నోరు తెరుచుకుని వచ్చింది. వరసల మీద వరసలు పళ్లు. హేమకళ తలపాగా లాగి, పది మూరల గుడ్డను ఉండచుట్టి ఆ నోట్లోకి కుక్కింది. పళ్లకు గుడ్డ చిక్కుకుంది. సొర తల విదిలించింది, ఇంకా చిక్కుకుంది. పిచ్చెత్తినట్టు సుళ్లు తిరుగుతూ నల్లని లోతులోకి దిగిపోయింది.

హేమకళ పైకి తేలి పడవ అంచు పట్టుకుంది. జుట్టు విరబోసుకుని భుజాల మీద పడింది. మీసం ఎప్పుడో కొట్టుకుపోయింది. ఆమె రొప్పుతూనే శంఖం చెవికి పెట్టుకుంది. ఊపిరి! నిండు ఊపిరి. పది లెక్కపెట్టేసరికి మరొకటి. చేప పైకొచ్చేసింది, బతికింది!

ఆమె పడవలోకి ఎగబాకి గంగాళం మీది గోనె లాగింది.

నీళ్లు. ఉత్త నీళ్లు.

గరగయ్య పడవ అడ్డుకర్ర మీద కూర్చుని ఉన్నాడు. రెండు అరచేతులూ ఒళ్లో తెరుచుకుని ఉన్నాయి. వేళ్ల మధ్య ఈతముల్లు. అతను ఆమె జుట్టు చూశాడు. ఆశ్చర్యపోయే ఓపిక కూడా ఆ ముఖంలో లేదు.

"ఆడకూతురివా తల్లీ" అన్నాడు.

"చేప ఏది తాతా?"

"నిమ్మళంగా లాగేను. గాలి తీసేను. పొట్ట నెట్టేను." ఆయన వేళ్ల మధ్య ముల్లును చూసుకున్నాడు. "తొలిసేప కద తల్లీ. గంగమ్మకి వొదిలేసేను."

"ఎర్రపోగు…"

"ఉంది. సూసేను. ఇదేనని నోరు అంటానే ఉంది. సెయ్యి ఆగనేదు. నలబయ్యేళ్ల సెయ్యి. గుచ్చడం, నెట్టడం, వొదలడం, అన్నీ ఒకటే పని దానికి. తెలిసీసరికి తోక కొట్టి ఎల్లిపోయింది."

మూడు రోజుల్లో హేమకళ అతనికి అన్నీ చెప్పింది. ఎన్ని బారలకు ఆగాలో, ఎలా పట్టుకోవాలో, గోనె ఎలా కప్పాలో. తొలిచేప మాట మాత్రం చెప్పలేదు. రోజూ తొలిచేప గంగమ్మకు వెళ్లడం కళ్లారా చూస్తూ కూడా చెప్పలేదు. భుజం నుంచి రక్తం గంగాళంలోకి బొట్లు బొట్లుగా పడుతోంది.

"తిట్టు తల్లీ. ఒక్క మాట తిట్టు."

ఆమె తిట్టలేదు. ముసలాయన ముల్లును విరచబోతే చెయ్యి పట్టి ఆపింది.

"రాకుమారీ, మీసం ఊడిపోయినట్టుంది!"

నల్లని ఓడ పడవ మీదికి నీడ వేస్తూ వచ్చి ఆగింది. పట్టుగొడుగు కింద శీతలాక్షుడు నిలబడి నవ్వుతున్నాడు. "మూడు రోజులుగా చూస్తున్నాను. చివరి క్షణం దాకా నేనే ఓడిపోయాననుకున్నాను. ఈ ముసలివాడి చెయ్యి నన్ను కాపాడింది. ఇతనికి రెండు కుంచాల బియ్యం ఎక్కువ ఇవ్వాలి."

గరగయ్య తెడ్డు ఎత్తి లేచాడు. ఓడ మీది భటులు బాణాలు ఎక్కుపెట్టారు.

"నన్ను ఇక్కడే చంపెయ్" అంది హేమకళ.

"ఎందుకు? మీ అన్న చివరి ఊపిరి వినేవాళ్లు ఒకరు ఉండాలి కదా. ఆ శంఖం చెవి దగ్గరే ఉంచుకో." మాంత్రికుడు చేయి ఊపాడు. కొమ్ముబూర మోగింది. రేవు నుంచి వేటకు బయలుదేరిన పడవలన్నీ ఓడ చుట్టూ చేరాయి. యాభైకి పైనే ఉన్నాయి. శీతలాక్షుడు గొంతెత్తాడు.

"ఇవాళ్టి నుంచి ఒక్కో చేపకు రెండు కుంచాలు! ఒడ్డు దిక్కు చూడక్కర్లేదు, అందరూ ఇక్కడే తాళ్లు దించండి. తొలిచేప కూడా నాకే. ఇక గంగమ్మకు వాటా లేదు. ఒక్క చేపను తిరిగి నీళ్లలో వదిలినవాడి చెయ్యి నరికిస్తాను."

"తొలిసేప ఇవ్వాపోతే సంద్రం ఊరుకోదు దొరా" అన్నాడు ఒక పడవలోంచి ఎవరో.

"సముద్రం మీ పిల్లలకు గంజి పోస్తుందా?"

గరగయ్య పడవ పడవకూ పేరు పెట్టి అరిచాడు. "ఒరే ఓడయ్యా! ఒరే నీలకంటా! ఆ సేపలో ఒక మనిసి పేణముందిరా! ఈ తల్లి అన్న పేణముందిరా!" ఒకడు తల దించుకున్నాడు. ఒకడు, "మా ఇంటో నాలుగు పేణాలున్నాయి మావా" అన్నాడు మెల్లగా. మొదటి రాతిగుండు నీళ్లలో పడ్డ చప్పుడైంది. తరవాత రెండోది. తరవాత చినుకులు మొదలైనట్టు గుంట చుట్టూ వరసగా గుండ్లు పడసాగాయి. నూటయాభై బారల తాడు దిగాలి కాబట్టి కొంత వ్యవధి ఉంది. అంతే.

నల్ల ఓడ పడవల్ని లెక్కచూసుకుంటూ అవతలి వైపుకు తిరిగింది.

హేమకళ లేచింది. పడవలో ఉన్న రాతిగుండ్లలో పెద్దది ఎంచుకుని, దాని పొడుగాటి తాడుతో సహా నడుముకు కట్టుకుంది. చిన్న వలసంచి మెడలో వేసుకుంది. గరగయ్య చేతిలోంచి ఈతముల్లు తీసుకుని జుట్టులో దోపుకుంది.

"ఏటి సేత్తన్నావు తల్లీ?"

"వాళ్ల గాలాలు తగిలేలోపు నేను దాన్ని పట్టుకోవాలి."

"అంత లోతుకి ఏ మనిసీ ఎల్లనేదు. ఊపిరేదీ?"

ఆమె శంఖం చూపించింది. దాని సంగతి ముసలాయనకు ముందే తెలుసు. ఆయన ముఖం ముడుచుకుపోయింది. "అది నీ అన్నది కాదేటి? నువ్వు పీల్చీకొద్దీ వాడు… సేప నీ సేతిలోనే సచ్చిపోతే?"

"గాలానికి చచ్చినా అంతే కదా తాతా."

"ఎన్ని ఊపిర్లు మిగిలున్నాయో తెలుసా?"

"తెలియదు. ఆ ముసలామె చెప్పలేదు." ఆమె తాడు కొస ఆయన చేతిలో పెట్టింది. "మూడుసార్లు లాగితే పైకి చేదు. ముప్పై బారలకొకసారి ఆగు. తెలుసు కదా."

గరగయ్య తాడును చూశాడు, తన చేతుల్ని చూశాడు. "ఈ సేతుల్ని నమ్ముతావేటి తల్లీ?"

"వేరే చేతులు లేవు తాతా."

ఆయన తాడును రెండు చుట్లు మణికట్టుకు బిగించుకున్నాడు. హేమకళ పడవ అంచు మీద కూర్చుని గుండెల నిండా గాలి నింపుకుని వెనక్కి ఒరిగింది. "ఒకటి… రెండు… మూడు…" గరగయ్య లెక్క నీళ్లలో కూడా కొంతసేపు వినబడింది. పదో బారకు అది పోయింది.

మొదట నీళ్లు పచ్చల కిరీటంలా మెరిశాయి. తరవాత నీలమణిలా చిక్కబడ్డాయి. ఇరవై బారల దగ్గర ఆమె తల మీది సూర్యుడు చిల్లుగవ్వంత అయ్యాడు. ముప్పై దాటాక చెవుల్లో సూదులు దిగాయి. గుండె పక్కటెముకల్ని తన్నుతోంది. ఇంకో బార, ఇంకో బార అని తనకు తనే చెప్పుకుంటూ ఆమె నోరు బిగబట్టింది. నలభై ఐదు దగ్గర కళ్ల ముందు మిణుగురులు లేచాయి. కింద ఇంకా నూటయిదు బారల చీకటి ఉంది. ఆ చీకట్లో ఎక్కడో ఒక ఎర్రపోగు బురదను తడుముకుంటూ తిరుగుతోంది.

ఇక పట్టలేకపోయింది. శంఖం పెదవులకు ఆనించుకుని ఒక్క ఊపిరి పీల్చింది.

లవంగం వాసన వేసింది.

హేమకళ శంఖం దించేసి, రెండో ఊపిరి తీసుకోకుండా ఎంత దూరం పోగలనో చూస్తూ కిందికి జారింది. ఆమె పక్కనుంచి ఒక రాతిగుండు, దాని వెనక ఎర గుచ్చిన గాలం దాటుకుని దిగిపోయాయి. కాసేపటికి ఇంకొకటి. తరవాత ఒకేసారి ఏడు.